వసూలు కుంచంతో పంపకం: అమెరికా స్టిమ్యులస్ చెక్కుల్లో ఎవరికి ఎంత, ఎందుకంత?

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంటు, ఎదురెదురు గుమ్మాలు, రెండు తెలుగు కుటుంబాలు అనుకుందాం. రెండిళ్లలోనూ భర్తకు హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 90,000 డాలర్ల ఆదాయం. భార్య ఇంటి దగ్గరే ఉంటోంది. అక్కడే పుట్టిన చిన్నపిల్లలు ఇద్దరేసి. 2019 సంవత్సరానికి రెండిళ్లవాళ్లూ కట్టిన ఆదాయపు పన్ను డాలరు తేడా లేకుండా ఒక్కటే. 2020 ఏప్రిల్‌లో, కరోనా సాయంగా ప్రభుత్వం పంపిన స్టిమ్యులస్ చెక్కు కింద, మొదటి ఇంటి బ్యాంకు ఖాతాలో 3,400 డాలర్లు పడ్డాయి. రెండో ఇంటికి ఒక్క సెంటు కూడా రాలేదు.

మొదటి ఇంటాయన గ్రీన్ కార్డు ఫైలు కొంత ముందుకు కదిలింది. కంపెనీ పెట్టిన ఐ-140 అర్జీ అప్రూవ్ అయింది కాబట్టి హెచ్4 వీసా మీదున్న భార్యకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది, దాంతో సోషల్ సెక్యూరిటీ నంబరూ వచ్చింది. ఆవిడ ఉద్యోగంలో చేరిందా లేదా అన్నది లెక్కలోకి రాదు, నంబరు ఉంటే చాలు. రెండో ఇంటావిడకు ఉన్నది ఐటిన్, అంటే పన్ను రిటర్నులో పేరు చూపించుకోవడానికి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు. 2020 మార్చి 27న వచ్చిన కరోనా సాయం చట్టం, కేర్స్ చట్టం ప్రకారం జాయింటుగా ఫైల్ చేసే దంపతులిద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. ఒక్కరికి లేకపోయినా ఇంటి మొత్తానికీ సున్నా. మిలిటరీలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. అలా అమెరికా పౌరులైన పిల్లలిద్దరి పేరున రావాల్సిన 1,000 డాలర్లు కూడా అమ్మ నంబరుతో పాటే కొట్టుకుపోయాయి.

విడివిడిగా ఫైల్ చేసి ఉంటే భర్తకూ పిల్లలకూ కొంత వచ్చేది. కానీ రిటర్ను వేసేటప్పుడు రేపు ఇలాంటి చెక్కు ఒకటి వస్తుందని ఎవరికి తెలుసు? మామూలు ఏడాదిలో విడిగా ఫైల్ చేస్తే పన్ను ఎక్కువ పడుతుంది. పన్ను తగ్గించుకోవడానికి అందరూ చేసే పనే ఇక్కడ ఎదురు తిరిగింది.

ఈ షరతు కరోనా కోసం కొత్తగా రాసింది కాదు. 2008 మాంద్యం వేళ ఇచ్చిన చెక్కుల చట్టంలోనూ ఇలాంటిదే ఉంది. పాత నమూనా దొరికింది, తేదీలు, అంకెలు మార్చారు. ఆ మాటకొస్తే కరోనా సాయం మొత్తం కథే అంత. అమెరికా ప్రభుత్వం దగ్గర డబ్బు పంచే యంత్రం అంటూ విడిగా లేదు. ఉన్నది డబ్బు వసూలు చేసే యంత్రం. దాన్నే తిరగేసి నడిపారు.

మన దగ్గర అదే సంవత్సరం లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం 1,500 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1,000 రూపాయలు ఇచ్చినప్పుడు ఎవరికివ్వాలో తేల్చింది రేషన్ కార్డు. ఇక్కడ ఎక్కువమంది ఆదాయపు పన్ను రిటర్ను వేయరు, వేసినా దాన్నిబట్టి ఎవరూ బియ్యం ఇవ్వరు. అమెరికాలో రేషన్ కార్డు లేదు. ఆ కార్డు చేసే పని అక్కడ పన్ను రిటర్ను చేసింది. అయితే పన్ను రిటర్ను అడిగే ప్రశ్న, పోయిన ఏడాది ఎంత సంపాదించావు అని. 2020లో అడగాల్సిన ప్రశ్న, ఈ నెల నీకు ఎంత పోయింది అని. రెంటికీ చుట్టరికం తక్కువ. న్యాయం గురించి ఆ తర్వాత నడిచిన గొడవల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

మొదటి విడత లెక్క పైకి సులువుగానే కనిపిస్తుంది. పెద్దవాళ్లకు తలా 1,200, 17 ఏళ్లలోపు పిల్లలకు తలా 500 డాలర్లు. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకు 75,000, జంటలకు 150,000 డాలర్ల ఆదాయం దాటాక ప్రతి 100 డాలర్లకు 5 డాలర్ల చొప్పున కోత. ఒంటరివాళ్లకు 99,000 దగ్గర, పిల్లల్లేని జంటకు 198,000 దగ్గర చెక్కు సున్నా అవుతుంది. ఆదాయం అంటే 2019 రిటర్నులోది, అది ఇంకా వేయకపోతే 2018 రిటర్నులోది. వేగం విషయంలో ఐఆర్‌ఎస్‌ను తప్పు పట్టలేం. చట్టం మీద సంతకం అయిన మూడు వారాల్లోపే కోట్లమంది ఖాతాల్లో డబ్బు పడింది. మొదటి విడతలోనే సుమారు 16 కోట్ల చెల్లింపులు, దాదాపు 27,000 కోట్ల డాలర్లు. కాగితం చెక్కుల మీద డొనాల్డ్ ట్రంప్ పేరు కూడా అచ్చయింది, సొంత జేబులోంచి తీసి ఇచ్చినట్టు.

ఆ వేగానికి మూల్యం ఉంది. 2019లో 110,000 డాలర్లు సంపాదించి, 2020 ఏప్రిల్‌లో ఉద్యోగం ఊడిన ఒంటరి మనిషికి ఆ నెలలో వచ్చింది సున్నా. పాత రిటర్ను ప్రకారం ఆ మనిషి కలిగినవాడు. 2019లో 70,000 ఉండి, ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద పనిచేస్తూ 2020లో 120,000కి చేరిన ఉద్యోగికి మాత్రం 1,200 పూర్తిగా వచ్చింది. చట్టం ప్రకారం ఈ చెక్కు నిజానికి 2020 పన్నులో ముందుగా ఇచ్చిన క్రెడిట్, అంటే పన్ను తగ్గింపు. అందుకే మరుసటి ఏడాది రిటర్నులో సరిచేసుకునే దారి పెట్టారు. తక్కువ వచ్చినవాళ్లు మిగతాది అడిగి తీసుకోవచ్చు. ఎక్కువ వచ్చినవాళ్లు వెనక్కి ఇవ్వనక్కర్లేదు. దయగల నియమమే. కానీ 2020 ఏప్రిల్‌లో అద్దె కట్టలేకపోయిన మనిషికి 2021 వసంతంలో వచ్చే రిఫండు ఏ మేరకు పనికొస్తుంది? ఇల్లుగలాయన అప్పటిదాకా ఆగడు కదా.

పాత రిటర్నుల మీద ఆధారపడితే ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఆ మధ్యలో చనిపోయినవాళ్లకూ డబ్బు వెళ్తుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ 30 నాటికే సుమారు 11 లక్షల చెల్లింపులు, దాదాపు 140 కోట్ల డాలర్లు, చనిపోయినవాళ్ల పేర్లకు వెళ్లాయి. పేపర్లు దీని మీద బాగా నవ్వుకున్నాయి. మొత్తం సొమ్ములో అది అర శాతం, అంతే. దీనికంటే పెద్ద తప్పు బతికున్న పేదల విషయంలో జరిగింది, దాని మీద అంత నవ్వూ రాలేదు, అంత కోపమూ రాలేదు.

2019లో ఒంటరి మనిషి ఆదాయం 12,200 డాలర్ల లోపు ఉంటే మామూలుగా రిటర్ను వేయనక్కర్లేదు. అంటే యంత్రానికి కనిపించనిది అందరికన్నా తక్కువ సంపాదించేవాళ్లే. సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకునేవాళ్లకు ఆ జాబితాలోంచి పంపారు. మిగిలినవాళ్లు ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో ఒక పేజీ తెరిచి వివరాలు నింపుకోవాలి. ఇంట్లో ఇంటర్నెట్ లేక, లైబ్రరీ కంప్యూటర్ మీద ఆధారపడే మనిషికి, లైబ్రరీలు మూసేసిన నెలల్లో, ఇది ఎలాంటి ఏర్పాటో ఊహించుకోవచ్చు. 2020 సెప్టెంబరులో, అంటే మొదటి చెక్కులు వెళ్లిన అయిదు నెలలకు, ఇంకా డబ్బు అందుకోని 90 లక్షల మందికి ఐఆర్‌ఎస్ ఉత్తరాలు రాసింది. జైళ్లలో ఉన్నవాళ్లకు ఇవ్వనని మొదట మొండికేసింది. చట్టంలో అలాంటి అడ్డు ఏమీ లేదని కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు చెప్పాక ఇవ్వక తప్పలేదు.

నిజానికి పేదల పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉండేది. 2020 మార్చిలో సెనేట్ రిపబ్లికన్లు పెట్టిన మొదటి ముసాయిదాలో, ఆదాయపు పన్ను కట్టనంత తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు 1,200కి బదులు 600 డాలర్లే రాశారు. పన్ను కట్టనివాళ్లకు పన్ను తగ్గింపు ఏమిటన్నది దాని వెనక ఉన్న తర్కం. ‘కట్టేది మేము, తినేది వాళ్లా’ అన్న మాట మన దగ్గర కూడా వినపడేదే. విమర్శలు వచ్చాక ఆ తేడా తీసేశారు. తీసేయడమే సబబు. ఆదాయపు పన్ను కట్టని కూలీ కూడా జీతం మీద సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కి కలిపి 7.65 శాతం మొదటి డాలరు నుంచే కడతాడు. కొట్టులో కొన్నదానికి సేల్స్ ట్యాక్స్ కడతాడు. పైగా ఈ చెక్కుల డబ్బు ఎవరి పన్నులోంచీ ఆ ఏడాది తీసింది కాదు, అప్పు తెచ్చింది. 2020 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ లోటు 3.1 లక్షల కోట్ల డాలర్లు. ఆ అప్పు తీర్చేవాళ్లలో ఆ కూలీ పిల్లలు కూడా ఉంటారు.

ఇక ‘పిల్లలు’ అన్న మాట దగ్గర జరిగిన తమాషా. పిల్లలున్నవాళ్లకు పన్ను తగ్గించే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌లో ఉన్న నిర్వచనాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారు కాబట్టి 17 ఏళ్లు నిండిన కుర్రాడు పిల్లాడు కాదు. తల్లిదండ్రుల రిటర్నులో డిపెండెంట్‌గా, అంటే వాళ్ల పోషణలో ఉన్నవాడిగా ఉన్నాడు కాబట్టి పెద్దవాడూ కాదు. ఇంటర్ వయసు నుంచి కాలేజీ చివరిదాకా ఉన్న పిల్లలు, డిపెండెంట్లుగా ఉన్న ముసలి తల్లిదండ్రులు, మొదటి రెండు విడతల్లో ఎవరి లెక్కలోకీ రాలేదు. మూడో విడతలో గానీ వాళ్లను మనుషులుగా లెక్కపెట్టలేదు.

రెండో విడత 2020 డిసెంబరు చివర్లో వచ్చింది. తలా 600 డాలర్లు, పిల్లలకూ అంతే. ఇర్వింగ్‌లోని రెండో ఇంటికి దీంతో కొంత ఊరట. దంపతుల్లో ఒక్కరికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నా ఆ ఒక్కరికీ, నంబరున్న పిల్లలకూ ఇవ్వాలని చట్టం మార్చారు. మొదటి విడతకూ ఆ మార్పు వెనక నుంచి వర్తించింది. అంటే పోయిన 3,400లో 2,200 డాలర్లు 2020 రిటర్నులో అడిగి తీసుకునే వీలు వచ్చింది. రెండో విడతలో 1,800, మూడో విడతలో 4,200 వచ్చాయి. ఆవిడ వాటా మాత్రం మూడుసార్లూ సున్నాయే. వీసా నిబంధనల ప్రకారం ఉద్యోగం చేయకూడదు, ఉద్యోగానికి పనికొచ్చే నంబరు లేదు కాబట్టి సాయం లేదు.

ఎఫ్1 విద్యార్థులది దీనికి తిరగేసిన కథ. అమెరికా వెళ్లిన మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు వాళ్లు పన్ను లెక్కలో సాధారణంగా నాన్ రెసిడెంట్లు. వేయాల్సింది 1040ఎన్‌ఆర్ అనే ఫారం. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీలో ఉద్యోగం వచ్చిన ఉత్సాహంలో, రూమ్మేటు చెప్పాడనో, అందరికీ తెలిసిన సాఫ్ట్‌వేర్ ‘నెక్స్ట్, నెక్స్ట్’ అంటూ తీసుకుపోయిందనో, మామూలు 1040 వేసేసినవాళ్లు చాలామంది. యంత్రం ఆ ఫారం చూసి రెసిడెంట్ అనుకుని 1,200 డాలర్లు పంపేసింది. కొందరు అప్పటికే చదువు ముగించుకుని సొంత దేశాలకు వెళ్లిపోయారు కూడా. అర్హత లేకుండా వచ్చిన డబ్బు వెనక్కి పంపాలని ఐఆర్‌ఎస్ చెప్పింది. రేపు హెచ్1బీ స్టాంపింగ్‌లోనో గ్రీన్ కార్డులోనో ఇది బయటపడుతుందేమోనన్న టెన్షన్‌తో రిటర్నులు సవరించుకున్నవాళ్ల బాధ అలా ఉంటే, వీసాలో అన్నీ సక్రమంగా ఉన్న హెచ్4 భార్య బాధ ఇలా ఉంది. ఒకే దేశం నుంచి వచ్చినవాళ్ల మధ్య ఇంత తేడా రావడానికి కారణం ఎవరి అవసరం ఎంత అన్నది కాదు, ఎవరు ఏ ఫారం నింపారు అన్నది.

2021 మార్చి 11న జో బైడెన్ సంతకం చేసిన మూడో విడతలో తలా 1,400 డాలర్లు. వయసు పట్టింపు లేదు, డిపెండెంట్లు అందరికీ. ఇక్కడ పరిమితుల గురించి పెద్ద పేచీ నడిచింది. హార్వర్డ్‌లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం రెండో విడత డబ్బు ఎలా ఖర్చయిందో కార్డు లావాదేవీల్లో చూసి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లు వెంటనే ఖర్చు పెట్టాయనీ, సుమారు 78,000 డాలర్లు దాటిన ఇళ్లు దాదాపు కదపలేదనీ చెప్పింది. పైవాళ్లకు ఇవ్వడం దండగ అనేవాళ్లకు అది ఆయుధం అయింది. ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లులో ఒంటరివాళ్లకు 100,000, జంటలకు 200,000 దగ్గర సున్నా అయ్యేది. సెనేట్‌కి వచ్చేసరికి అది 80,000కి, 160,000కి దిగింది. కోత మొదలయ్యే చోటు మాత్రం పాతదే, 75,000, 150,000.

చూడ్డానికి చిన్న మార్పు. ఇద్దరు పిల్లలున్న జంటకు లెక్క వేస్తే తెలుస్తుంది. ఆదాయం 150,000 దగ్గర చెక్కు 5,600 డాలర్లు. 160,000 దగ్గర సున్నా. మధ్యలో ఉన్న 10,000 డాలర్ల అదనపు సంపాదనలో 5,600, అంటే నూటికి 56, చెక్కు రూపంలో పోయింది. ఆ ఆదాయానికి ఫెడరల్ పన్ను 22 శాతం, జీతంలో కోసే పేరోల్ పన్ను 7.65 శాతం. మొత్తం 85 శాతం దాటింది. రాష్ట్ర పన్ను ఉన్న న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఇంకా పైకి. ముగ్గురు పిల్లలుంటే చెక్కు కోతే 70 శాతం, ఎందుకంటే 7,000 డాలర్లు కూడా అదే 10,000 లోపల ఆవిరి కావాలి. మొదటి విడతలో ఇలా లేదు. అక్కడ కోత ఎప్పుడూ 5 శాతమే కాబట్టి పిల్లలు ఎక్కువున్న ఇంటికి ఇంకాస్త పైదాకా ఎంతో కొంత వచ్చేది. ఇద్దరు పిల్లల జంటకు అప్పుడు 218,000 దగ్గర గానీ సున్నా కాలేదు. మూడో విడతలో ఒక్క పిల్లాడున్నా, అయిదుగురున్నా గీత ఒక్కటే.

ఏడాదికి 160,000 సంపాదించే సాఫ్ట్‌వేర్ దంపతులకు చెక్కు రాకపోవడం పెద్ద అన్యాయం అనలేం. ఉద్యోగాలు పోలేదు, ఆఫీసుకు పోయే పెట్రోలు ఖర్చు కూడా మిగిలింది. వాళ్ల ఫిర్యాదులో పస ఉన్నది ఇంకో చోట. 151,000 వాళ్లకు 5,000 పైన, 159,000 వాళ్లకు 560. ఇంత నిట్టనిలువు కొండకొన మీద ప్రభుత్వం ఎవరి అవసరాన్నీ కొలవడం లేదు, బడ్జెట్‌లో మిగులు చూసుకుంటోంది. పైగా 150,000 అంటే మిసిసిపీలో పెద్ద ఇల్లు, రెండు కార్లు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అద్దె, డేకేర్ కట్టాక చేతిలో మిగిలేది అడగకూడదు. ఫెడరల్ గీతకు ఊరితో పని లేదు.

తెలివైనవాళ్లు దీంట్లోనూ దారి వెతుక్కున్నారు. 2020లో ఆదాయం తగ్గినవాళ్లు పరుగున రిటర్ను వేసేశారు, కొత్త అంకె చూసి చెక్కు పంపుతారని. 2020లో ఆదాయం పెరిగినవాళ్లు ఫైలింగ్ ఆపుకుని కూర్చున్నారు, పాత 2019 అంకె మీద చెక్కు వచ్చేదాకా. గడువు మే 17దాకా పొడిగించడం వీళ్లకు కలిసొచ్చింది. ఇంకొందరు గడువులోపు వైద్య ఖర్చుల పొదుపు ఖాతా హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసి ఆదాయం అంకెను 150,000 కిందకి దించారు. ఏదీ చట్టవిరుద్ధం కాదు. కాకపోతే మంచి సీపీఏ, అంటే అకౌంటెంటు తెలిసినవాళ్లకు సాయం కాస్త ఎక్కువ అందింది, అంతే.

చెక్కుల మీద ఇంత రభస జరిగింది గానీ, పన్ను కోణంలో అసలు పెద్ద తేడాలు నిరుద్యోగ భృతిలోనూ వ్యాపారాల సాయంలోనూ ఉన్నాయి.

కేర్స్ చట్టం భృతికి వారానికి 600 డాలర్లు అదనంగా కలిపింది, 2020 జూలై చివరిదాకా. ఎవరి పాత జీతాన్నిబట్టి వాళ్లకు ఇవ్వడం న్యాయంగా ఉండేది. కుదరలేదు. కారణం కంప్యూటర్లు. చాలా రాష్ట్రాల భృతి వ్యవస్థలు దశాబ్దాల నాటి మెయిన్‌ఫ్రేముల మీద నడుస్తున్నాయి, ఒక్కొక్కరికీ వేరే శాతం లెక్కకట్టడం వాటివల్ల కాదు. న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ 2020 ఏప్రిల్‌లో కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు సాయానికి రండని టీవీలో అడిగారు. వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్లు అదే న్యూజెర్సీలో కూర్చుని ఆ మాట విని ఏమనుకున్నారో. ఏమైతేనేం, సగటు జీతానికీ సగటు భృతికీ మధ్య ఉన్న తేడా సుమారు 600 కాబట్టి అందరికీ అదే వేశారు.

సగటు మనిషికి సరిపోయే చొక్కా సగటు మనిషికే సరిపోతుంది. సూపర్‌మార్కెట్‌లో వారానికి 600 డాలర్ల జీతానికి క్యాషియరుగా ఉన్న మనిషి ఉద్యోగం పోతే, రాష్ట్రం ఇచ్చే భృతి జీతంలో సగం అనుకున్నా, 300కి 600 కలిసి 900 చేతికొస్తాయి. పక్క కౌంటరులో మాస్కు కట్టుకుని, జబ్బు అంటుతుందేమోనన్న భయంతో పని కొనసాగించిన మనిషికి అదే 600. అందులోంచి దాదాపు 46 డాలర్లు పేరోల్ పన్ను కింద పోతాయి, భృతి మీద ఆ పన్ను లేదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన గానోంగ్, నోయెల్, వావ్రా అనే ఆర్థికవేత్తల అంచనా ప్రకారం అర్హులైన నిరుద్యోగుల్లో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమందికి పోయిన జీతం కన్నా భృతే ఎక్కువ. ఇంట్లో ఉండమని ప్రభుత్వమే చెప్పిన నెలల్లో ఇంట్లో ఉన్నవాళ్లకు డబ్బివ్వడం తప్పు కాదు. పనికి వెళ్లక తప్పనివాళ్లకు, జాతికి అత్యవసరం అని బిరుదు ఇచ్చి, ఫెడరల్ ప్రభుత్వం విడిగా ఏమీ ఇవ్వకపోవడం తప్పు. చప్పట్లు కొట్టారు లెండి.

భృతి మీద ఆదాయపు పన్ను ఉంటుంది. స్టిమ్యులస్ చెక్కు మీద లేదు. ఈ సంగతి తెలియక, పన్ను ముందే పట్టుకోమని చెప్పక, 2021 మొదట్లో రిటర్ను వేయబోయినవాళ్లకు బాకీ కనిపించింది. ఉద్యోగం పోయిన ఏడాదికి పన్ను బాకీ. అప్పటికే ఫైలింగ్ సీజన్ సగంలో ఉండగా, మార్చిలో, 150,000 డాలర్ల లోపు ఆదాయం ఉంటే భృతిలో తలా 10,200 డాలర్లకు 2020 సంవత్సరం పన్ను ఉండదన్నారు. ఫిబ్రవరిలోనే బుద్ధిగా ఫైల్ చేసినవాళ్లకు ఐఆర్‌ఎస్ తర్వాత నెలల తరబడి లెక్కలు తిరగేసి రిఫండులు పంపింది. ఈ గీత చెక్కుల గీత కన్నా మొరటు. ఇక్కడ కోత అంటూ లేదు, దాటితే మొత్తం పోతుంది. పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ అదే 150,000. చెరో 80,000 మిగతా ఆదాయం ఉండి, కొన్ని నెలలు ఉద్యోగం పోయిన ఇద్దరు, పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటే ఇద్దరికీ మినహాయింపు వచ్చింది. పెళ్లి చేసుకుని ఉంటే ఎవరికీ లేదు, సుమారు 4,500 డాలర్ల పన్ను కట్టుకోవాలి.

ఇప్పుడు మెట్ల పై చివర చూద్దాం. 75,000 దాటితే చెక్కు కోసిన ఆ కేర్స్ చట్టంలోనే ఇంకో సెక్షను ఉంది, వ్యాపార నష్టాల గురించి. భాగస్వామ్య సంస్థల యజమానుల్లాంటివాళ్లు వ్యాపార నష్టాన్ని తమ మిగతా ఆదాయంలోంచి ఎంతవరకు తీసేసుకోవచ్చో 2017 చట్టం ఒక పరిమితి పెట్టింది. కేర్స్ చట్టం దాన్ని పక్కన పెట్టింది, అదీ 2018, 2019లకు కూడా కలిపి. కరోనా పుట్టని సంవత్సరాల నష్టానికి కరోనా సాయం ఎందుకో ఎవరూ సరిగా చెప్పలేదు. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు చెందిన పన్నుల సంయుక్త కమిటీ అంచనా ప్రకారం దీనివల్ల కలిగే లాభంలో దాదాపు 82 శాతం, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన సుమారు 43,000 మందికి వెళ్తుంది. దీనికి వయసు పరిమితి లేదు, ఆదాయం పెరిగే కొద్దీ కోత లేదు, వెబ్‌సైటులో పేజీ నింపే పనీ లేదు. వాళ్ల అకౌంటెంట్లే చూసుకుంటారు.

వ్యాపారాలకు ఇచ్చిన పీపీపీ అనే కరోనా రుణాలు దాదాపు 80,000 కోట్ల డాలర్లు. జీతాలకు వాడితే అప్పు మాఫీ. మాఫీ అయిన అప్పు మామూలుగా ఆదాయం కింద లెక్క, దీనికి మాత్రం పన్ను లేదన్నారు. ఆ డబ్బుతో పెట్టిన ఖర్చును మళ్లీ ఆదాయంలోంచి తీసేసుకోవచ్చని 2020 డిసెంబరులో చట్టం చేశారు. పన్ను లేని డబ్బు, పైగా దాని మీద పన్ను తగ్గింపు. భృతి మీద పన్ను కట్టిన హోటల్ సర్వరూ, పీపీపీ మీద కట్టని హోటల్ ఓనరూ ఒకే కిచెన్‌లో ఉన్నారు. ఎంఐటీకి చెందిన డేవిడ్ ఆటర్, ఆయన సహచరుల లెక్కలో ఈ డబ్బులో ఊడబోయిన ఉద్యోగాలను నిలబెట్టడానికి వెళ్లింది 23 నుంచి 34 శాతం మాత్రమే.

ఇంత గందరగోళంలోనూ చెక్కులు పనిచేయలేదని మాత్రం అనకూడదు. సెన్సస్ బ్యూరో లెక్కలో 2020లో ఆ చెల్లింపులు 1 కోటి 17 లక్షల మందిని పేదరికపు గీత దాటించాయి. పన్నులు, సాయాలు అన్నీ కలిపి చూసే కొలత ప్రకారం పేదరికం 2019లో 11.8 శాతం, మహమ్మారి ఏడాదిలో 9.1 శాతం. ఉద్యోగాలు ఊడుతున్నప్పుడు పేదరికం తగ్గడం వింతే. మొరటు కొలతతో అయినా అందరికీ పంచితే కిందివాళ్లకు అందింది. ఎక్కడ సన్నగా వడగట్టబోయారో, అక్కడ పోయినవాళ్లు పోయారు. వసూలుకు పెట్టిన నిబంధనల్లో ఒక్కొక్కటికీ ఒక కారణం ఉంటుంది. నంబరు లేనివాళ్లు మోసం చేస్తారేమో, పిల్లలను రెండు ఇళ్లలో చూపిస్తారేమో, ఆదాయం దాస్తారేమో అన్న అనుమానాల మీద కట్టిన గోడలు అవి. పంచేటప్పుడు అవే గోడలు అడ్డం వచ్చాయి.

మూడు విడతలు కలిపి ఇచ్చింది 80,000 కోట్ల డాలర్లకు పైమాటే. చివరి బాకీ తీరడానికి చాలా కాలం పట్టింది. 2024 డిసెంబరులో ఐఆర్‌ఎస్ తన రికార్డులు చూసుకుని, 2021 రిటర్నులో ఆ క్రెడిట్ గడిని ఖాళీగా వదిలేసిన, లేదా సున్నా వేసిన దాదాపు 10 లక్షల మందికి తానే డబ్బు పంపుతున్నట్టు ప్రకటించింది. తలా 1,400 డాలర్ల దాకా, మొత్తం సుమారు 240 కోట్లు. వాళ్లు అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు, అర్హత ఉందని లెక్క చెప్పింది కాబట్టి ఇచ్చారు. అదే సంవత్సరానికి అసలు రిటర్నే వేయనివాళ్లకు మాత్రం గడువు ఇచ్చారు, 2025 ఏప్రిల్ 15. ఆలోగా ఫైల్ చేస్తే 1,400 దాకా వచ్చేది. చేయనివాళ్ల డబ్బు ట్రెజరీకే మిగిలిపోయింది.